మా అత్త వేసిన ఓటు

మొన్న నా దగ్గర చదివిన అమ్మాయి ఒకతె ఫోన్లో సర్వే తెరిచి, మీ జవాబులు రహస్యంగా ఉంటాయి సార్ అనగానే నాకు నవ్వాగలేదు. ఒకప్పుడు నేనూ ఇంటింటికీ తిరిగి ఆ మాటే చెప్పాను, నిలబెట్టుకోవడానికి నానా తంటాలూ పడ్డాను.

అంతర్జాతీయ సంబంధాలు చదివి, తెల్లదొరల పాలన నుంచి బయటపడ్డ దేశాల్లో ప్రజాస్వామ్యం ఎలా నిలదొక్కుకుందో తేల్చేస్తానని బయల్దేరిన రోజులవి. ఆఫ్రికా సంగతులు పుస్తకాల్లో చదువుకుని, మన సంగతి తెలుసుకోవడానికి సూర్యాపేటలో బస్సు మారి, గరిడేపల్లి పక్కనున్న మేనమామ ఊరు చేరాను. అక్కడైతే తిండికి లోటుండదని నా అసలు ఆలోచన. అప్పుడే పంచాయతీ ఎన్నికలయ్యాయి. మామ వార్డు మెంబరుగా నిలబడి ఒక్క ఓటుతో ఓడిపోయి, ఆ ముంచినవాడెవడా అని ఊళ్ళో ప్రతి మొహాన్నీ అనుమానంగా చూస్తున్నాడు.

మీ ఇంట్లో ఓటు సంగతి ఎవరు నిర్ణయిస్తారని అడిగితే, మగవాళ్ళందరూ ఒకసారి వంటింటి వైపు చూసి, గొంతు తగ్గించి, నేనే అనేవారు. చివరికి అత్తనూ అడిగాను, ఎవరికీ చెప్పనని ఒట్టేసి మరీ. ఆమె తాపీగా చాయ్ వడగడుతూ, "మీ మామకు ఎయ్యలే అల్లుడా, అవతలాయనకే ఏసిన. ఈయన గెలిస్తె పొద్దుమాపు ఇంటినిండ జనమే, గంతమందికి చాయ్ ఎవలు పెట్టాలె?" అంది.

ఆ సాయంత్రమే మామ నా కాగితాల కట్ట ముందు చతికిలబడి, "గిండ్ల అంత ఉంటది గద, ఎవడో జర సూసి చెప్పు అల్లుడా" అని బతిమాలాడు. అత్త నా ముందు చాయ్ పెట్టి, ఏమీ ఎరగనట్టు అక్కడే నిలబడింది. అందులో ఎప్పటికంటే రెండింతల చక్కెర ఉంది. పేర్లు రాయలేదు మామా అని తప్పించుకుని, మర్నాడు పొద్దున్నే కోదాడ బస్సెక్కేశాను. ఆ తర్వాత మామ తనను ముంచింది పక్కింటాయనేనని తేల్చుకుని, పోయేదాకా ఆయనతో మాట్లాడలేదు. ఆ పక్కింటాయన ఓటేసింది మామకేనని నా సర్వేలో ఆయనే చెప్పాడు, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

పోయిన నెల, మిర్యాలగూడలో కూతురి దగ్గరుంటున్న అత్తను చూడబోయాను. ఇప్పుడు ఓట్లడిగేవాళ్ళు కూడా ఫోన్లోనే దండాలు పెడుతున్నారు, గడప తొక్కేవాళ్ళే లేరు. నన్ను చూడగానే ఆమె గబగబా చాయ్ పెట్టింది. "అప్పుడు మీ మామకే ఏస్తె మంచిగుంటుండె అల్లుడా," అంది మెల్లగా, "ఇగ చాయ్ పెడదామంటె వచ్చేటోడే లేడు." డాక్టరు చక్కెర ముట్టొద్దన్నా, ఆ రోజు నేను మూడు గ్లాసులు తాగాను.