బేస్ గిటారూ, పెద్దత్తయ్య చారూ

ఆ రోజుల్లో నాకు బేస్ గిటారు వాయించడం కంటే దాని గురించి మాట్లాడడం బాగా వచ్చు. వాయించడానికి వేళ్ళు కావాలి, సాధన కావాలి, అన్నిటికన్నా ముందు కింది ఫ్లాట్ ఆంటీ దయ కావాలి. మాట్లాడడానికి ఇవేవీ అక్కర్లేదు. కాలేజీ ఎగ్గొట్టిన మధ్యాహ్నాల్లో ఢిల్లీ మయూర్ విహార్‌లో మా ఇంటి బాల్కనీలో నిలబడి, బేస్ టోన్ ఎలా ఉండాలన్న విషయం మీద ఫోన్లో ఎన్ని ఉపన్యాసాలిచ్చానో నాకే లెక్క తెలీదు. (టోన్ అంటే ఏమీ లేదు, మోతకుండే రంగూ రుచీ. ఒకే స్వరాన్ని ఇద్దరు వాయిస్తే రెండు రకాలుగా వినిపిస్తుంది కదా, ఆ తేడా.) బేస్‌ని వేళ్ళతోనే మీటాలి, ప్లాస్టిక్ ముక్కతో గీకేవాడు పాపాత్ముడు. తీగెలు కొత్తవై ఉండాలి, పియానో ఎడమచేతి మెట్లలా ఖంగున మోగాలి. ఇవి నా సిద్ధాంతాలు. మా బ్యాండులో డ్రమ్స్ వాయించే డబ్బాగాడిది (పంజాబీ కుర్రాడు, అందరూ పిలిచే పేరు అదే) సరిగ్గా దీనికి వ్యతిరేక సిద్ధాంతం. బేస్ అనేది చెవికి వినపడకూడదట, గుండెలకి తగిలితే చాలట. ఈ వాదన మా ఇద్దరికీ అన్నం లాంటిది, ఒక్క పూట కూడా మానేవాళ్ళం కాదు.

మా ఇంట్లోవాళ్ళకి ఈ గొడవేమీ పట్టేది కాదు. మామూలు గిటారుకి ఆరు తీగెలుంటాయి, నా దానికి నాలుగే. ఆరింటిది కొనుక్కునే తాహతు లేక నాలుగింటితో సరిపెట్టుకున్నానని మా బంధువులు జాలిపడేవాళ్ళు. నాన్న కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. ఆఫీసులో ఏ ఫైలు మీదా గట్టిగా అభిప్రాయం రాయని మనిషి, ఇంటికొస్తే మాత్రం చారు మీద బోలెడు అభిప్రాయాలు చెప్పేవారు. చింతపండు ముందు తగలాలి, మిరియం తర్వాత రావాలి, ఇంగువ చివరిదాకా నిలబడాలి అనేవారు. భోజనానికి ముందు వేడి చారు ఒక గ్లాసులో పోయించుకుని, కళ్ళు మూసుకుని తాగడం ఆయన అలవాటు. అభిప్రాయాల జబ్బు నాకు ఎక్కణ్ణించి వచ్చిందో మీకు అర్థమయ్యే ఉంటుంది.

మా కాలనీ తెలుగువాళ్ళు ఏటా ఉగాదికి కమ్యూనిటీ హాల్లో ఒక సాయంత్రం జరుపుకుంటారు. ముందు పంచాంగ శ్రవణం, తర్వాత పిల్లల డాన్సులు, ఆఖర్న భోజనాలు. ఆ ఏడు డాన్సులకీ భోజనాలకీ మధ్య మా బ్యాండుకి అరగంట ఇచ్చారు. ఇన్నాళ్ళూ నా మాటలు మాత్రమే విన్న లోకం మొదటిసారి నా బేస్ వినబోతోంది. తీరా చూస్తే నా తీగెలు చచ్చి ఊరుకున్నాయి. చెమటా మురికీ పట్టి, ఎంత మీటినా తడిగుడ్డ మీద కొట్టినట్టు దబ్ దబ్ మంటున్నాయి తప్ప మోత లేదు. డబ్బాగాడు మాత్రం టోన్ అంటే ఇదే యార్, ఇప్పటికి కుదిరింది అని మురిసిపోయాడు.

సరిగ్గా అప్పుడే మా పెద్దత్తయ్య, అంటే నాన్నకి అక్కగారు, కంటి ఆపరేషన్ కోసం రాజమండ్రి నించి మా ఇంటికి వచ్చింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయి, మనుషుల్ని గొంతుని బట్టీ, కూరల్ని వాసనని బట్టీ పోల్చుకుంటోంది. వచ్చిన మర్నాడే అందరికీ టీ పెట్టి, పంచదార అనుకుని ఉప్పు వేసింది. సాయంత్రం అమ్మ మెల్లిగా, ఆపరేషన్ అయ్యేదాకా మీరు హాయిగా కూర్చోండి వదినగారూ, వంటింటి సంగతి నేను చూసుకుంటాను అని చెప్పింది. పెళ్ళయిన నాటి నించీ పెద్ద సంసారానికి వండి వార్చిన మనిషి, సోఫాలో ఒక మూల చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. గంటకోసారి, ఏమైనా తరిగి పెట్టనా అని అడిగేది. వద్దులెండి అనేది అమ్మ. ఒకరోజు నాన్నతో, "ఒరే తమ్ముడూ, ఆపరేషనయ్యాక కూడా చూపు రాలేదనుకో, నేనింక ఇలా కూర్చుని తినడమేనా?" అని అడగడం నేను విన్నాను. కళ్ళు పోతాయన్న దిగులు కంటే వంటిల్లు పోతుందన్న దిగులే ఆవిడకి ఎక్కువగా ఉండేది. నాకు చాలా బాధేసింది. కానీ అప్పట్లో నా బాధలన్నీ తిరిగి తిరిగి తీగెల దగ్గరికే వచ్చేవి కాబట్టి, ఆ బాధ కూడా ఎక్కువసేపు నిలవలేదు.

కార్యక్రమం ఆదివారం. శనివారం పొద్దున ఇంటర్నెట్‌లో నాకొక ఉపాయం దొరికింది. చచ్చిన బేస్ తీగెల్ని నీళ్ళలో వేసి మరిగిస్తే పట్టిన మురికంతా వదిలి మళ్ళీ మోగుతాయట. (ఇది నేను కల్పించింది కాదు, బేస్ వాయించేవాళ్ళని ఎవర్నడిగినా చెబుతారు.) అమ్మ కూరలకి వెళ్ళింది. నాన్న క్షవరానికి వెళ్ళారు. పెద్దత్తయ్య లోపలి గదిలో కునుకు తీస్తోంది. నాలుగు తీగెలూ విప్పి, చుట్టలు చుట్టి, అమ్మ పప్పుచారు కాచే గిన్నెలో నీళ్ళు పోసి పడేశాను. చిన్న మంట మీద పెట్టానో లేదో డబ్బాగాడి ఫోన్ వచ్చింది. తీగెలు ఉడకబెడుతున్నానని చెప్పాను, ఉన్న మంచి టోన్ కాస్తా పాడుచేస్తున్నావని వాడు మొదలుపెట్టాడు. నేను బాల్కనీలోకి వెళ్ళి, కళలో స్పష్టత ఎందుకు ముఖ్యమో వాడికి వివరించసాగాను. అలాంటి విషయం ఎత్తుకుంటే నేను అంత తొందరగా దించేవాణ్ణి కాదు.

లోపల జరిగింది నాకు తర్వాత తెలిసింది. నీళ్ళు మరుగుతున్న చప్పుడు విని పెద్దత్తయ్య లేచి వంటింట్లోకి వచ్చింది. అమ్మని పిలిచింది, పలకలేదు. గిన్నెలోకి వంగి చూస్తే చుట్టలు విడిపోయి పొడుగ్గా, నల్లగా ఏవో కనిపించాయి. అమ్మ ములక్కాడలు ఉడకేసి, చారు సంగతి మర్చిపోయి వెళ్ళిందనుకుంది. పాపం పిల్ల, ఎన్నని చూసుకుంటుంది అనుకుని, ఎన్నో రోజుల తర్వాత దొరికిన పని కదా, చీర కొంగు బొడ్లో దోపింది. చింతపండు నానేసి పిసికి పోసింది. పసుపు, ఉప్పు (ఈసారి నాలిక మీద వేసుకుని చూసి మరీ వేసిందట), మిరియాల పొడి, ఇంత బెల్లంముక్క వేసింది. పక్క పొయ్యి మీద ఆవాలూ జీలకర్రా ఇంగువా కరివేపాకూ వేసి పోపు పెట్టింది. ఆ ఘుమఘుమ నాకు బాల్కనీలోకి వచ్చింది. కింది ఫ్లాట్ ఆంటీ ఈమధ్య మన వంటలు నేర్చుకుంటోంది కాబోలు అనుకున్నాను.

ఫోన్ పెట్టేసి లోపలికి వచ్చేసరికి నాన్న క్షవరం నించి వచ్చి భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. చేతిలో ఖాళీ అయిన స్టీలు గ్లాసు. కళ్ళు మూసుకుని, "అక్కా, అచ్చం అమ్మ చారే. ఏళ్ళయిపోయింది ఈ రుచి తగిలి. అడుగున ఏదో ఉంది, అదేమిటో చెప్పలేను కానీ, ఏదో ఉంది," అంటున్నారు. పెద్దత్తయ్య మొహం చూడాలి మీరు. ఢిల్లీ వచ్చాక ఆవిడ నవ్వగా నేను చూడడం అదే మొదలు. నన్ను అడుగుల చప్పుడుని బట్టి పోల్చుకుని, గిన్నెలో గరిటె తిప్పుతూ అంది:

"ఏరా నాన్నా, ఈ ఊరి ములక్కాడలు ఎంతకీ ఉడకవేంరా? ఇనపముక్కల్లా ఉన్నాయి."

గరిటె పైకి లేచింది. దానికి చుట్టుకుని, ఒక కరివేపాకు రెబ్బ తగిలించుకుని, నా తీగెలన్నిటికన్నా లావుది కూడా లేచింది. అదే క్షణంలో అమ్మ కూరల సంచులతో తలుపు తోసుకుని వచ్చింది. నాన్న కళ్ళు తెరిచి తీగెని చూశారు, గ్లాసుని చూశారు, ఆఖర్న నన్ను చూశారు. ఆ తీగెలు దేనితో చేస్తార్రా అని మెల్లిగా అడిగారు. స్టీలూ నికెలూ అన్నాను. మూడో అంతస్తు డాక్టరుగారు వచ్చి, ఒక గ్లాసుకి ఏమీ కాదు, నీళ్ళు బాగా తాగండి అని చెప్పి, బయటికి వెళ్ళి మెట్ల మీద నవ్వుకోవడం అందరికీ వినిపించింది. నాన్నకి నిజంగానే ఏమీ కాలేదు. కాకపోతే ఆ రెండు రోజులూ ఏం తిన్నా, కాస్త లోహంగా లేదూ అని అడుగుతూ ఉండేవారు.

పెద్దత్తయ్యకి విషయం అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. తీగెని వేళ్ళతో తడిమి చూసి, గరిటె కింద పెట్టి, కొంగు బొడ్లోంచి తీసేసుకుంది. "నా కళ్ళు కాలిపోను, తమ్ముడి చేత ఏం తాగించానో చూడు," అని లోపలికి వెళ్ళి, గోడవైపు తిరిగి పడుకుంది. మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. అమ్మ బతిమాలింది, నాన్న బతిమాలారు. ఆకలి లేదంది. నేనింక వంటింటి గడప తొక్కను, మీరు ధైర్యంగా ఉండండి అని కూడా అంది. ఆ మాట విన్నాక నాకు ఇంట్లో ఎక్కడా కాలు నిలవలేదు.

తీగెల్ని కడిగి, తుడిచి, బేస్‌కి బిగించాను. చింతపండు పులుసుకి నిజంగానే తళతళలాడుతున్నాయి. ఒక్కటి మీటాను. ఖంగుమంది. ఉత్త నీళ్ళకి కూడా అంతే మోగేవేమో, నాకు తెలీదు. కానీ ఆవిడ మంచం దగ్గరికి వెళ్ళి కూర్చుని, ఎంతో నమ్మకంగా, ఆ అభిప్రాయం నేను పుట్టినప్పటి నించీ ఉన్నట్టుగా చెప్పాను.

"అత్తయ్యా, నీళ్ళలో ఉడకబెడితే ఇంత టోన్ రాదు. ఇదంతా నీ చింతపండు మహిమ. రేపటికి నా పరువు నిలబెట్టావు."

ఆవిడ తిరగలేదు. గోడతోనే, "నిజమేనా?" అంది. నిజమే అన్నాను. చింతపండు గుణం వల్ల మురికి ఎలా వదులుతుందో, మురికి వదిలితే పై స్వరాలు ఎలా విచ్చుకుంటాయో ఒక ఉపన్యాసం ఇచ్చాను. అంతా విని, "అవునులే, ఇత్తడి చెంబు తోమినట్టేగా," అని లేచి కూర్చుంది. అన్నం ఉందా అని అడిగింది.

మర్నాడు మా అరగంట బాగానే గడిచింది. డబ్బాగాడు స్టేజీ దిగగానే, యార్, ఇవాళ బేస్ వినిపించింది అన్నాడు. అది తిట్టో పొగడ్తో వాడికే తెలియాలి. పెద్దత్తయ్య లైట్ల వెలుగు గుచ్చుకోకుండా నల్లద్దాలు పెట్టుకుని మొదటి వరసలో కూర్చుని, అటూ ఇటూ ఉన్నవాళ్ళందరికీ, ఆ లావు తీగెలు నేనే కాచి ఇచ్చాను అని చెప్పుకుంది. వాళ్ళు ఏమనుకున్నారో పాపం. ఆ బుధవారం ఆపరేషన్ అయింది, నెల తర్వాత రెండో కన్నుకి కూడా అయింది, చూపు వచ్చింది. అమ్మ చారు గరిటె ఆవిడ చేతికి ఇచ్చేసింది, గిన్నెలో ఏముందో ముందు తాను చూసుకుని మరీ.

తీగెల సంగతి ఆవిడకి చెప్పలేదు. ఉప్పు పట్టిన ఇనుము కదా, వారం తిరిగేసరికి తుప్పు పట్టి, మీటితే వేళ్ళు ఎర్రబడేవి. నాన్న ఏమీ అడక్కుండా కొత్తవి కొనిచ్చారు. కానీ పెద్దత్తయ్య తిరిగి ఊరెళ్ళాక, ఆ ఎండాకాలం నించి ఏటా రాజమండ్రి నించి ఎవరొచ్చినా ఒక గుడ్డమూట రావడం మొదలైంది. గింజ తీసి, పీచు తీసి, ముద్ద కట్టిన కొత్త చింతపండు. పిల్లాడి తీగెలకి అని చెప్పి పంపేది. తర్వాత ఫోన్ చేసి, ఎలా మోగుతున్నాయిరా అని అడిగేది. అమ్మ ఆ చింతపండుతో చారు పెట్టేది, నేను ఫోన్లో టోన్ గురించి చెప్పేవాణ్ణి. ఉద్యోగం వచ్చి నోయిడాకి మారాను, బ్యాండు చెదిరిపోయింది, బేస్ గోడకి ఎక్కింది. మూట మాత్రం ఆగలేదు, నా ఉపన్యాసమూ ఆగలేదు.

పోయిన ఎండాకాలం పనిమీద రాజమండ్రి వెళ్ళి, ఆవిణ్ణి చూడ్డానికి వెళ్ళాను. వసారాలో చాప మీద కూర్చుని, అద్దాల్లేకుండా చింతపండులో గింజలు ఏరుతోంది. నేను పక్కన కూర్చుని, క్రితం ఏడు పంపిన చింతపండుకి తీగెలు ఎంత బాగా మోగాయో ఎత్తుకున్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి నవ్వింది.

"ఒరే, ఉప్పు తగిలిన ఇనుము తుప్పు పడుతుందని నాకు తెలీదట్రా? ఎన్ని కత్తిపీటలు చూశాను."

ఆ రోజే తెలుసా అన్నాను. ఆ రోజే తెలుసు అంది. మరి ఇన్నేళ్ళూ ఎందుకు పంపావు అని అడిగాను.

"ఆ పూట నాచేత అన్నం తినిపించాలని అంత పెద్ద అబద్ధం మోసుకొచ్చావు. దాన్ని ఒక్కడివే ఎన్నాళ్ళు మోస్తావు? ఓ చెయ్యి వేశాను."

నేను ఆవిణ్ణి కాపాడుతున్నాననుకుంటూ గడిపిన ఏళ్ళన్నీ గుర్తొచ్చి నవ్వొచ్చింది. టోన్ మీద నా అభిప్రాయాల్ని డబ్బాగాడు సగంలో తుంచేసేవాడు, నా భార్య మొదట్లోనే లేచి వెళ్ళిపోతుంది. ఏడాదికోసారి ఫోన్ చేసి, ఒక్క ముక్క నమ్మకుండా, ఆఖరిదాకా విన్న మనిషి లోకంలో ఈవిడ ఒక్కతే. బాల్కనీలో ఫోన్ పట్టుకుని నిలబడ్డ ఆ మహా పండితుణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ కాస్త సిగ్గు, బోలెడు ముద్దు.

బయల్దేరేటప్పుడు ముద్ద కట్టి, గుడ్డలో చుట్టి నా సంచిలో పెట్టింది.

"తీగెలకేనా?" అంది.

"తీగెలకే అత్తయ్యా," అన్నాను.