పసివాడి ముక్కు, నా అడ్డపొగ

“ఆ నోరు నా గుంటడి ముక్కు కాడికి తేకు అత్తా!” అంది కోడలు, బిడ్డను నా ఒళ్లోంచి లాక్కుంటూ.

“ఏటే, ఈ నోటికేటైనాది? దీంతోనే నీ మొగుడి సీమిడి పీల్సి పారేసినాను. సచ్చిపోనాడేటి?”

“సావలేదు. సుట్ట లేందే పొద్దు గడవనోడైనాడు. అది నీ నోటి సలవే!”

“నాలుగచ్చరాలొచ్చీసరికి డాక్టరమ్మవైపోనావు. గుంటడు పాలు పట్టలేక సస్తంటే నీకు కంపు గొడవేటే?”

నా మనవడికి అప్పుడు మూడో నెల. కాఫీ పళ్లు కోసే చలికాలం. పొద్దు బాగా ఎక్కితే గానీ కొండ మీద మంచు విడిచేది కాదు. రెండు రోజులుగా వాడికి ముక్కు దిబ్బడ వేసింది. రొమ్ము పట్టుకుంటే ఊపిరాడక వదిలేసి ఏడ్చేవాడు. ఆకలికి మళ్లీ పట్టేవాడు, మళ్లీ వదిలేవాడు. నా కొడుకు రోడ్డు పనికి పాడేరు పోయి ఉన్నాడు.

నాకు తెలిసిన వైద్యం ఒక్కటే. బిడ్డ ముక్కుకు నోరానించి మెల్లగా పీల్చి ఉమ్మేయడం. పైసా ఖర్చు లేదు. అయితే నాది అడ్డపొగ నోరు. చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చడం మా వైపు ఆడవాళ్లకు కొత్త కాదు. ముసలాయన పోయాక పొయ్యి పక్కన నాతో కూర్చునేది ఆ చుట్టే. దాన్నీ ఒక్కసారే తగలేయను. నాలుగు దమ్ములు లాగి, ఆర్పి, చూరులో దోపుకుంటాను.

ఆ సాయంత్రం కానుగ పుల్లతో పళ్లు తోమి, ఉప్పునీళ్లు పుక్కిలించి వచ్చి నోరు తెరిచాను. “సూడే, ఇంకెక్కడిది కంపు?”

కోడలు వంగి నిజంగానే వాసన చూసింది. “నోరే కాదత్తా. నీ కోక, నీ జుత్తు అంతా పొగే. ఆ పొగకే పసోళ్లకి ముక్కు మూసుకుపోతాదని సంతలో నర్సమ్మ సెప్పినాది.”

నేను బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నాను. తడిక సందులోంచి కనిపిస్తూనే ఉంది. కోడలు కాచి చల్లార్చిన నీళ్లలో చిటికెడు ఉప్పు కలిపి, రెండు ముక్కుల్లోనూ చుక్క చుక్క వేసింది. కాసేపాగి, మెత్తటి గుడ్డ కొసతో బయటికొచ్చిందంతా తుడిచింది. వాడు తుమ్మాడు, గుక్కపట్టి ఏడ్చాడు. నేను లేచి, మళ్లీ కూర్చున్నాను.

కోడలు వాణ్ణి ఒళ్లోకి తీసుకుని అటు తిరిగి కూర్చుంది. ఏడుపు ఆగింది. పాలు పట్టాడో, ఏడ్చి ఏడ్చి సోలిపోయాడో తెలియలేదు. తడికకు చెవి ఆనించాను. చాలాసేపటికి గుటక చప్పుడు వినిపించింది. తర్వాత ఇంకోటి. పిలుస్తుందేమోనని చూశాను. అంబలికి పిలిచింది గానీ, బిడ్డ దగ్గరికి పిలవలేదు.

మర్నాడు పొద్దున్న వాడు రెండు వైపులా కడుపునిండా తాగాడు. రోజూ కోతకు పోయేముందు కోడలు వాణ్ణి నా ఒళ్లో పెట్టేది. ఆ రోజూ చేతులు చాపాను. తను వాణ్ణి గుడ్డతో వీపుకు కట్టుకుని, “అంబలి కుండలో ఉన్నాది అత్తా” అని చెప్పి మంచులోకి దిగిపోయింది. నేను చూరులోని చుట్ట తీసుకుని, పెరటి చివరకు పోయి ముట్టించుకున్నాను.