రత్తయ్య ఫిషింగ్ ఒప్పుకున్న సంగతి

గిలకలదిండి రేవులో రత్తయ్యంత రూలు మనిషి ఇంకొకడు లేడు. వేట నిషేధం ఉన్నన్నాళ్లూ బోటు కట్టేయడమే కాదు, ఇంట్లో చేపల కూర కూడా వండనివ్వడు. భార్య గంగాదేవి ఆ రోజుల్లో పక్కింట్లో తినేది.

ఆమధ్య మత్స్యకారుల సంఘం సభ్యులందరికీ మెయిల్ ఐడీలు ఇచ్చింది. తుఫాను కబుర్లు, మీటింగులు అన్నీ అందులోనే వచ్చేవి. గుడివాడలో కంప్యూటర్ ఆఫీసు నడిపే జనార్దనరావు దాన్ని చూసుకునేవాడు. రత్తయ్య పొద్దున్నే ఫోన్ తెరిచి, పైకి చదివితే గానీ తలకెక్కదు గనక, వీధంతా వినబడేలా చదివేవాడు.

ఓ రోజు ఇలా వచ్చింది: "సభ్యులకు హెచ్చరిక. ఫిషింగ్ బాగా పెరిగిపోయింది. ఫిషింగ్ నేరం. చేసేవారెవరో తెలిస్తే వెంటనే ఈ మెయిల్‌కి జవాబు రాయండి."

"ఏమేవ్, వేట నేరమంట!" అన్నాడు రత్తయ్య.

"ఎవడన్నాడు?"

"మన సంఘమే."

నేరమన్నాక దాచడం ఆయన వల్ల కాదు. కూర్చుని జవాబు రాశాడు: "అయ్యా, మా రేవులో అందరూ ఫిషింగ్ చేస్తారు. నేనూ చేస్తాను. మా నాన్నా చేశాడు. నిన్న పండుగొప్ప చేపలు బాగా పడ్డాయి. మన్నించగలరు."

చదివింది మనిషి కాదు, మిషను. క్షణంలో బదులొచ్చింది: "మీరు ఫిషింగ్ చేసినట్టు ఒప్పుకున్నందున మీ ఖాతా నిలిపివేశాం. సహకారానికి ధన్యవాదాలు."

రత్తయ్య వల మడిచి అటకెక్కించాడు. ఇక లాభం లేదని గంగాదేవి ఆయన్ని వెంటబెట్టుకుని గుడివాడ బస్సెక్కింది.

"మత్స్యకారులకి ఆ మాట రాసిందెవరండీ?" అని జనార్దనరావుని నిలదీసింది.

"నేనేనమ్మా. అందరికీ పంపేదే మీకూ పంపాను," అని జనార్దనరావు తల గోక్కున్నాడు. "ఇది వేరే ఫిషింగండీ. దొంగలు సంఘం పేరుతో, బ్యాంకు పేరుతో మెయిల్ పంపి, లింకు నొక్కి పాస్‌వర్డ్ కొట్టమంటారు. కొడితే మీ మెయిల్ వాళ్ల చేతికెళ్లిపోతుంది. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకూడదు. నాక్కూడా."

"అంటే గాలం వాళ్లది, చేపని నేనా?"

"అంతే."

"మరది నేరమే," అన్నాడు రత్తయ్య, ప్రాణం తెరిపినపడి.

ఖాతా తెరవడానికి పాత పాస్‌వర్డ్ కొట్టమన్నారు. జనార్దనరావు మర్యాదగా అటు తిరిగాడు. రత్తయ్య అలవాటు కొద్దీ పైకి చదువుతూ కొట్టాడు: "నా... బంగారం... గంగ..."

ఆఫీసంతా తలెత్తి చూసింది. ఇంట్లో ఏనాడూ ఆ పిలుపు ఎరగని గంగాదేవి చేతిసంచీ మొహానికి అడ్డం పెట్టుకుంది. కొత్త పాస్‌వర్డ్ మాత్రం ఆయన మెట్ల కిందికెళ్లి, నోట్లో జేబురుమాలు కుక్కుకుని కొట్టాడు.

కొన్నాళ్లకి నిజంగానే దొంగ మెయిల్ వచ్చింది. సాయంత్రానికి మెయిల్ మూసేస్తున్నారట, కొనసాగాలంటే లింకు నొక్కి పాస్‌వర్డ్ ఇవ్వాలట. పైన పేరు సంఘానిదే గానీ కింద అడ్రసు వేరే. రత్తయ్య లింకు ముట్టుకోలేదు. మెయిల్లో ఇచ్చిన నంబర్ వదిలేసి, తన దగ్గరున్న నంబర్‌కే జనార్దనరావుకి ఫోన్ చేశాడు.

"దొంగదేనండీ. అందరికీ ఇప్పుడే చెప్తాను."

"ఈసారి తెలుగులో చెప్పండి," అన్నాడు రత్తయ్య.

ఆ రోజు 'దొంగ మెయిల్, నొక్కకండి' అని అందరికీ వెళ్లింది. రేవులో ఎవరూ చిక్కలేదు.

అప్పట్నుంచి రత్తయ్యని పట్టడం కష్టమైంది. మోపిదేవిలో కూతురికి చెవులు కుట్టించిన బావమరిది ప్రకాష్, ఫొటోల లింకు మెయిల్లో పంపాడు. రత్తయ్య ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు.

"ఇది నువ్వే పంపావా?"

"నేనే బావా."

"నువ్వు ప్రకాష్‌వేనని నమ్మకమేంటి? మా పెళ్లిలో ఏం చేశావో చెప్పు."

"ఇప్పుడెందుకు బావా అవన్నీ..."

"చెప్పు."

"పానకం బిందెలో కాలేశాను."

"ఆ, నువ్వేలే," అని రత్తయ్య లింకు నొక్కాడు.

వంటింట్లోంచి గంగాదేవి గరిటతో సహా బయటికొచ్చింది. "ఒరే ప్రకాష్, ఆ పానకం మేమంతా తాగాం కదరా!"