ఆఖరి పడవలో ముందెక్కినాయన

పొద్దున్న టీవీలో ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక అని చెబుతుంటే మా మేనత్త గుర్తొచ్చింది. తొంభైల్లో నాకు టీచరు ఉద్యోగం వచ్చి, గోదావరి మధ్యనున్న ఒక లంకలో ఆవిడ ఇంట్లోనే ఉండేదాన్ని. అత్తకి అనుమానం పాలు కాస్త ఎక్కువ. పాలవాడు చేతులు కడుక్కున్నా ఆ నీళ్ళెటు పోతున్నాయో చూసేది. తాళం వేశాక తను లాగి చూసి, నన్నూ లాగి చూడమనేది. అందరికంటే ఎక్కువ అనుమానం మాత్రం, వీధి చివరి పాకలో ప్రార్థనలు చేయించే పాస్టరుగారి మీద. ఆయన అడక్కుండానే అందరికీ సాయం చేసేవారు. "ఊరికే ఎవరు చేస్తారే?" అనేది అత్త.

ఆ వర్షాకాలం ఆయన వారం వారం మైకులో ఒకటే కథ చెప్పేవారు. వద్దన్నా అది మా వంటింట్లోకి వినపడేది. యెహోషువ కాలంలో ఇశ్రాయేలు జనం యొర్దాను నది దాటవలసి వచ్చిందట. దేవుడి ఆజ్ఞలుంచిన పెట్టె, అదే మందసం, మోసే యాజకులు ముందుగా నీళ్ళలో అడుగుపెట్టారట, నది ఆగిపోయిందట, జనమంతా దాటేదాకా వాళ్ళు నడి ఏట్లోనే నిలబడ్డారట. నాయకుడంటే అలా ఉండాలని, వరదొస్తే తాను అందరికంటే చివర్నే లంక వదులుతానని ఆయన మాట కూడా ఇచ్చారు. అత్త ఉల్లిపాయలు తరుగుతూ, "చివర్న ఎందుకంట? అందరం వెళ్ళాక ఇళ్ళ దగ్గర ఆయనకేం పని?" అంది.

వరద నిజంగానే వచ్చింది. ఆఖరి పడవకి మేం ముగ్గురం మిగిలాం. నేనెక్కేశాను. మోకాళ్ళ లోతు నీళ్ళలో ఆయన, అరుగు మీద తాళాల గుత్తితో అత్త. "ఎక్కండమ్మా," అన్నారాయన. "ముందు మీరెక్కండి బాబూ, మాకేం తొందర్లేదండి," అంది అత్త. ఇలా మర్యాదలు నడుస్తుండగానే నీళ్ళు అరుగెక్కాయి. పడవవాడు కేకలేస్తున్నాడు. నాకు ఏడుపొచ్చేసింది. అత్త అక్కడే మునిగిపోతుందనుకున్నాను. ఆయన ఆవిడ చేతిలో తాళాల వైపు చూశారు. సంగతి అర్థమైనట్టుంది. "మీరు ఎక్కితే చాలమ్మా. నేనిచ్చిన మాట సంగతి దేవుడు చూసుకుంటాడు," అని వచ్చి పడవలో కూర్చున్నారు. రెండు చేతులతో పడవ అంచు గట్టిగా పట్టుకున్నారు. వెనకే అత్త ఎక్కింది.

గట్టు మీద దిగగానే పడవవాడు, "పాస్టరుగారు ఆవిణ్ణి వదిలేసి ముందెక్కేశారండి," అని అందరికీ చెప్పేశాడు. ప్రార్థనకొచ్చేవాళ్ళే మొహాలు తిప్పుకున్నారు. నేను నోరు తెరవబోతే, వద్దన్నట్టు ఆయనే తలూపారు. అత్త తాళాలు కొంగున ముడేసుకుంటూ ఊరుకుంది. వరద తీశాక వెళ్ళి చూస్తే మా ఇంటి తాళం వేసింది వేసినట్టే ఉంది. పాకలో మాత్రం జనం పలచబడ్డారు. ఏడాది తిరక్కుండానే ఆయన తుని వైపు వెళ్ళిపోయారు.

చాలా ఏళ్ళకి, ఆయన పోయారని తెలిసిన రోజున అత్తని అడిగాను, ఆయన నీ కోసం ఎక్కారా, భయపడి ఎక్కారా అని.

"భయపడే ఎక్కుంటాడే," అంది. మళ్ళీ తనే, "కాదంటే, ఆ రోజు గట్టు మీద నోరు మూసుకున్నందుకు నేనేం చెప్పుకోను?" అంది.

ఇప్పుడు అత్తా లేదు. నిజం చెప్పగలిగిన ఇద్దర్నీ కాలం తీసుకుపోయింది, అనుమానాన్ని మాత్రం నా దగ్గర వదిలిపోయింది.