నేను వెళ్ళని పదకొండు రోజులు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. మా నాయిన శామీర్‌పేట చెరువులో చేపలు పట్టేవాడు. ఇంకా తెల్లారకముందే వల తీసుకుని వెళ్ళే మనిషి కాబట్టి ఆయన దగ్గర కథలకు కొదవలేదు. నీళ్ళ మీద నడిచే ఆడమనిషి, పేరు పెట్టి పిలిచే గొంతు, అన్నీ విన్నాను, విని నవ్వేదాన్ని. ఇప్పుడు నేను చెప్పబోయేదానిలో చీకటీ లేదు, చెరువూ లేదు. పట్టపగలు మేడ్చల్‌లో, ఇరవై నలుగురు కూర్చుని చదువుకునే గదిలో జరిగింది. అందుకే నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

నా పేరు సునీత. అప్పటికి నాకు ముప్పై ఒకటి. గుండ్లపోచంపల్లిలో మందులు ప్యాక్ చేసే కంపెనీలో పొద్దున ఆరు నుంచి రెండు దాకా డ్యూటీ. ఎనిమిది గంటలు నిలబడి మాత్రల అట్టలు డబ్బాల్లో సర్దడమే పని. నాయిన పోయాక అమ్మ పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా చేపల గంప పెట్టుకుని కరీంనగర్ రోడ్డు పక్కన కూర్చునేది. మోకాళ్ళు అరిగిపోయాయి, లేవాలంటే పక్కనున్న వాళ్ళు చెయ్యి అందించాలి. నాకు సర్కారు కొలువు వస్తే అమ్మను ఆ రోడ్డు మీద నుంచి లేపి ఇంట్లో కూర్చోబెట్టొచ్చు. నేను చదివిందంతా అందుకే, పెద్ద పెద్ద ఆశయాలు ఏమీ లేవు.

జూనియర్ అసిస్టెంట్ పరీక్ష రాయడం అది మూడోసారి. రెండోసారి కొద్దిలో పోయింది. చాలా తేడాతో పోయి ఉంటే మానేసి నా పని నేను చూసుకునేదాన్ని. కొద్దిలో పోయేసరికి ఆశ చావలేదు, ఒంట్లో ఓపిక మాత్రం చచ్చింది. ఈసారి రాకపోతే ఇక పుస్తకం ముట్టనని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను.

మేడ్చల్‌లో ఒక సంఘం వాళ్ళు మేడ మీద రీడింగ్ రూం నడుపుతారు. కుర్చీలు ఇరవై నాలుగే, కావాలని పేరు రాయించుకుని ఎదురుచూసేవాళ్ళు చాలామంది. అందుకే అక్కడ రిజిస్టర్ పెట్టారు. వచ్చిన టైం రాసి సంతకం పెట్టాలి. వరసగా మూడు రోజులు సంతకం లేకపోతే కుర్చీ ఇంకొకరికి ఇచ్చేస్తారు. చాయ్‌కి బయటికి వెళ్ళేవాళ్ళు బస్సులో సీటు ఆపుకున్నట్టు కుర్చీ మీద దస్తీ, అదే చేతిరుమాలు, వేసి వెళ్తారు. దస్తీ ఉన్న కుర్చీ జోలికి ఎవరూ పోరు. పుస్తకాలు పెట్టుకోవడానికి గోడకు తలా ఒక అర ఉంటుంది. డ్యూటీ దిగి మూడింటికల్లా అక్కడికి చేరి ఆరున్నర దాకా చదివేదాన్ని.

మొదట్లో బాగానే సాగింది. ఆరంభశూరత్వం మన సొత్తు కదా. తర్వాత ఒకే పేరా నాలుగుసార్లు చదివినా ఒక్క ముక్క తలకెక్కేది కాదు. ఫోన్‌లో మోటివేషన్ వీడియోలు చూశాను. కోటు వేసుకున్న ఒకాయన లే, పరిగెత్తు అని అరుస్తాడు. ఆయన ఎనిమిది గంటలు నిలబడి వచ్చినట్టు ఎక్కడా కనిపించలేదు. ఒక వీడియో అయ్యాక పుస్తకం తీయబుద్ధి కాదు, ఇంకో వీడియో చూడబుద్ధి అవుతుంది.

పరీక్షకు ఇంకా రెండు నెలలు ఉందనగా ఒక సోమవారం మేడ్చల్‌లో బస్సు దిగాను. రీడింగ్ రూం వైపు వెళ్ళాల్సిందాన్ని శామీర్‌పేట ఆటో ఎక్కేశాను. ఇంటికి వచ్చి పడుకున్నాను. మర్నాడూ అంతే. నాలుగో రోజు జ్వరం వచ్చి డ్యూటీకి కూడా వెళ్ళలేదు, మధ్యాహ్నం మూడింటికి శామీర్‌పేటలోనే డాక్టర్ దగ్గర కూర్చున్నాను. ఆ చీటీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. జ్వరం తగ్గాక కూడా వెళ్ళలేదు. పుస్తకాలన్నీ అక్కడి అరలోనే ఉన్నాయి కాబట్టి ఇంట్లో చదవాలన్న బాధ కూడా లేదు. ఆదివారం ఒకటి పోగా పదకొండు రోజులు వెళ్ళలేదు. కుర్చీ ఎప్పుడో పోయి ఉంటుందని తెలుసు. పక్క కుర్చీలో కూర్చునే లావణ్య కూడా ఏమైపోయావని ఫోన్ చేయలేదు. దానికి కొంచెం నొచ్చుకున్నాను.

పన్నెండో రోజు వెళ్ళింది చదవడానికి కాదు. పుస్తకాలు తెచ్చేసుకుని, ఇక చాలు అని అమ్మతో చెప్పేద్దామని.

మెట్ల మీద యాదమ్మ ఊడుస్తోంది. ఆ గది శుభ్రం చేసేది ఆమే. నన్ను చూసి చీపురు ఆపింది.

"ఏంది బిడ్డా, గిప్పుడే గద పైకి వోయినవ్. మల్ల ఎప్పుడు దిగినవ్?"

ఎవరినో చూసి నేననుకుందిలే అని నవ్వి పైకి వెళ్ళాను. నా కుర్చీ ఖాళీగా ఉంది. దాని మీద దస్తీ పరిచి ఉంది. తెల్లది, పసుపు అంచుది, ఒక మూల కొంచెం కాలింది. నా దస్తీ కూడా అలాంటిదే, ఇస్త్రీ చేస్తూ నేనే కాల్చాను. బ్యాగు తెరిచి చూశాను. నా దస్తీ బ్యాగులోనే ఉంది.

బల్ల మీద నా ఎకానమీ పుస్తకం తెరిచి ఉంది. నేను వదిలేసింది మూడో పాఠం దగ్గర. అది తొమ్మిదో పాఠం. మధ్యలో పాఠాలన్నిటికీ పెన్సిల్ గీతలు ఉన్నాయి, పక్కన చిన్న అక్షరాలతో నోట్సు ఉంది. ఆ అక్షరాలు నావే. తప్పు రాస్తే అడ్డంగా కొట్టేయకుండా చుట్టూ సున్నా చుట్టడం నాకు అలవాటు. ఆ సున్నాలు కూడా ఉన్నాయి.

లావణ్య తలెత్తి చూసింది. నాకంటే నాలుగేళ్ళు చిన్నది, అక్కా అంటుంది.

"చాయ్ తాగినవా అక్కా? గింత జల్దీ వచ్చినవ్."

రిజిస్టర్ దగ్గరికి వెళ్ళాను. పదకొండు రోజులూ నా సంతకం ఉంది. మూడు గంటల పది, మూడు గంటల పదిహేను, అలా టైంతో సహా. జ్వరం వచ్చిన రోజు కూడా ఉంది. నేను డాక్టర్ దగ్గర కూర్చున్న ఆ టైంకే. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. కుర్చీ పోకుండా ఒకరికొకరు దొంగ సంతకాలు పెట్టుకోవడం అక్కడ మామూలే. లావణ్యను బయటికి పిలిచి, నా కోసం సంతకాలు పెట్టినందుకు థ్యాంక్స్ చెప్పాను.

ఆమె నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

"నేనెందుకు పెడత అక్కా? రోజూ నువ్వే గద వస్తున్నవ్. జరమొచ్చిన దినం గూడ వచ్చినవ్. ఎవ్వల్తోని మాట్లాడకుంట తలకాయ వంచి సదువుతున్నవ్. నువ్వు మస్తు పరేషాన్‌ల ఉన్నవని నేను గూడ కదిలియ్యలే."

లోపలికి వచ్చి ఆ దస్తీ తీసి, మడిచి, అరలో పెట్టి కుర్చీలో కూర్చున్నాను. తొమ్మిదో పాఠంలో ఒక జవాబు సగం రాసి ఉంది. ఏడుపు వచ్చింది. భయం కంటే సిగ్గు ఎక్కువ వేసింది. మా అమ్మ కోసం నేను చేయలేని పని ఇంకెవరో వచ్చి చేస్తున్నారు. పెన్సిల్ తీసుకుని ఆ సగం నుంచి రాయడం మొదలుపెట్టాను.

ఆ సాయంత్రం ఇంట్లో అమ్మను అడిగాను, ఈ రోజులన్నీ మధ్యాహ్నం నేను ఇంట్లోనే ఉన్నానా అని. అమ్మ గంప కడుగుతూ నా వైపు ఎగాదిగా చూసింది.

"యాడికి వోయినవ్? వచ్చుడు, పండుడే గద. గాలం లెక్క ముడుసుకొని పండేదానివి. నిద్రల నీ కుడి చెయ్యి ఊకె కదులుతుండె. చీమలు కుడుతున్నయేమో అని నేనే రెండు మాట్ల దుప్పటి దులిపిన."

అమ్మకు చదువు రాదు. నేను రిజిస్టర్ సంగతి ఆమెకు చెప్పలేదు.

మర్నాడు అరలో చూస్తే ఆ రెండో దస్తీ లేదు. పెన్సిల్ గీతలు మాత్రం అలాగే ఉన్నాయి. ఇప్పటికీ ఉన్నాయి.

ఆ తర్వాత పరీక్ష దాకా ఒక్క రోజు కూడా మానలేదు. మోటివేషన్ దొరికిందని అనుకోకండి. అలసట అలాగే ఉంది, ఒకే పేరా నాలుగుసార్లు చదవడమూ అలాగే ఉంది. నేను వెళ్ళకపోతే ఆ కుర్చీలోకి ఎవరు వస్తారో అన్న భయానికి వెళ్ళాను. ఆమె మళ్ళీ వచ్చినట్టు ఎవరూ చెప్పలేదు.

పరీక్షలో ఎకానమీ ప్రశ్నలు కొన్నిటికి పూర్తిగా చదవకుండానే చెయ్యి జవాబు దగ్గరికి వెళ్ళింది. నాలుగో పాఠం నుంచి ఎనిమిదో పాఠం దాకా నేను కావాలనే చదవలేదు. ఆ నోట్సు తిప్పాలంటే భయం వేసేది. వాటిలోంచి వచ్చిన ప్రశ్నలు ఎలా రాశానో నాకు తెలియదు. ఆ పదకొండు రోజుల్లో నేనే నిద్రలో నడిచి వెళ్ళానా అంటే, శామీర్‌పేట నుంచి మేడ్చల్‌కి నిద్రలో ఎవరు వెళ్తారు? పైగా అమ్మ కళ్ళ ముందే పడుకున్నాను. లావణ్య అబద్ధం చెప్పింది అందామంటే ఆమెకేం లాభం? యాదమ్మను మళ్ళీ అడిగాను. నువ్వే బిడ్డా, ఇంకెవలు అంది.

కొలువు వచ్చింది. అమ్మ ఇప్పుడు రోడ్డు మీద కూర్చోవడం లేదు. మోకాళ్ళకు నూనె రాసుకుంటూ గుమ్మంలో కూర్చుని, పోయేవాళ్ళను పిలిచి మాట్లాడుతుంది. ఆమెను చూస్తే కడుపు నిండుతుంది, వెంటనే ఆ పెన్సిల్ గీతలు గుర్తొస్తాయి.

లావణ్యకు రాలేదు. ఫలితాలు వచ్చిన రోజు ఆమే ఫోన్ చేసింది. ఏడ్చిన గొంతు తెలుస్తూనే ఉంది.

"నీకు రావాల్నే అక్కా. జరమొచ్చిన దినం గూడ నాగా పెట్టలే నువ్వు. నేనే నడుమ నడుమ డుమ్మా కొట్టిన. ఈసారి నీ లెక్కనే సదువుత."

అవునన్నాను. నిజం తర్వాత చెబుదాంలే అనుకున్నాను.

మొన్న మేడ్చల్‌లో లావణ్య కనిపించింది. చిక్కిపోయింది, కళ్ళ కింద నల్లగా ఉంది. డెంగ్యూ వచ్చినా రీడింగ్ రూంకి వెళ్తోందట, ఒక్క రోజు కూడా మానలేదట. ఇదంతా నన్ను చూసే నేర్చుకున్నానంది.