ఖాళీ పళ్లెం బరువు

మా కాలేజీ ల్యాబు త్రాసులను బాగుచేసేది నగర్తపేట నుంచి వచ్చే ఒకాయన. ఖాళీ పళ్లేన్ని కూడా ముల్లు నిలిచేదాకా ఊపిరి బిగబట్టి చూసేవాడు. "ఖాళీకీ బరువుండాది మేడం," అనేవాడు. ఫిజిక్స్ చెప్పేదాన్ని, ఊరుకుంటానా? ప్రతిసారీ వాదించేదాన్ని.

తొంభైల చివర, శూన్యానికీ శక్తి ఉందేమో, నక్షత్ర మండలాలను దూరంగా తోస్తున్నది అదేనేమో అని పేపర్లో వచ్చింది. ఆయన వెంటనే ఒక గాజు బుడ్డి తెచ్చి, మా పంపుతో గాలి తీయించి, మూతికి లక్క పోసుకుని వెళ్లాడు. నెల తర్వాత మళ్లీ వచ్చాడు. రోజూ తూచాడట, రోజూ బరువెక్కుతోందట.

"పదేండ్ల ఆలోచన మేడం. మీరు తప్పంటే ఈడికే వదిలేస్తా."

బుడ్డిని త్రాసులో పెట్టాడు. నెల కిందటి కన్నా ముల్లు ఎక్కువ వంగింది. ల్యాబులో ఉన్న పిల్లలంతా నా మొహమే చూస్తున్నారు.

"మీ లక్క బీటలిచ్చింది. లోపలికి గాలి పోయింది, అంతే," అన్నాను. కాస్త మెత్తగా చెప్పి ఉండొచ్చు.

ఆయన బుడ్డిని బకెట్టు నీళ్లలో ముంచి, ఊపిరి బిగబట్టి చూశాడు. పది నిమిషాలకు లోపల ఒక నీటిచుక్క కనిపించింది.

"వదిలేస్తారా మరి?" అన్నాను.

బుడ్డిని తువ్వాలుతో తుడుచుకున్నాడు. "లక్కను వదిలేస్తా. తప్పు నాది మేడం, ఖాళీది కాదు."