సుజాతక్క బిడ్డకు దుబాయి నుంచి వచ్చిన పేరు

ఈ రోజు ఆదివారం. రేపు పక్కింటి సుజాతక్క పసిబిడ్డను తొట్టెలలో వేసి పేరు పెడతారు. వాళ్లాయన దుబాయి నుంచి పంపిన పేరును అక్క పొద్దున్నే ఫోన్‌లో చూపించింది: అవియోన్. పోయిన వారమే నా ఫ్రెంచి నోటుబుక్కులో రాసుకున్న మాట మా కోరుట్లలో కనిపించేసరికి ఆగలేకపోయాను.

"అక్కా, ఫ్రెంచిలో విమానం అని అర్థం!"

బీడీ చుడుతున్న ఆమె చేయి ఆగిపోయింది.

"విమానమా? నాకు ఏడో నెలల ఆయన్ను ఎత్తుకపోయింది గదేనాయె. గా పేరువెట్టి దినాం పిలువాల్నా?"

వెంటనే ఫోన్ చేసింది. స్పీకర్‌లో వాళ్లాయన గొంతు వినిపించింది.

"నాతోటి పనిచేసే ఆఫ్రికా దోస్తు బిడ్డ పేరే అది. మంచిగనిపిచ్చింది. అయినా, నేను అచ్చేది గూడ దాంట్లనే గదనే."

"మరి ఎప్పుడస్తవ్?"

"బిడ్డ పండుకున్నదా?" అని అడిగి ఆయన ఫోన్ పెట్టేశాడు.

వేరే పేరు వెతుకుతానన్నాను. అక్క కళ్లు తుడుచుకుంది.

"వద్దు తియ్. బిడ్డను ఇంకా ఎత్తుకోనన్న ఎత్తుకోలే. ఆయన ఇచ్చింది గిదొక్కటే, ఉండనియ్. మా ఆడిబిడ్డకు మాత్రం అర్థం చెప్పకు, ఏడుస్తది."

కొత్త మాట దొరికితే నా నోరు ఆగదు. తెలిసింది చెప్పి ఎవరినైనా ఏడిపించిన రోజు మీకూ ఉందా?

మా దగ్గర మేనత్తే బిడ్డ చెవిలో మూడుసార్లు పేరు చెప్పాలి. అక్క ఆడిబిడ్డే ఆ మేనత్త, సిరిసిల్ల నుంచి మొదటి బస్సుకు వస్తోంది. రేపు పొద్దున బస్టాండుకు నేనే వెళ్లి, దారిలో ఆ పేరు పలకడం నేర్పిస్తాను. పలకడం మాత్రమే.